సిరియాలో ప్రజాస్వామ్యం అడిగినవాళ్ళు

(హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్తాను.

2007 డిసెంబర్ 1న డమాస్కస్ నగరంలో రియాద్ సైఫ్ అనే ఆయన ఇంట్లో 163 మంది సమావేశమయ్యారు. వాళ్ళలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, రచయితలున్నారు. పాత కమ్యూనిస్టులు, అరబ్ జాతీయవాదులు, కుర్దు పార్టీల వాళ్ళు, మతాన్ని నమ్ముతూనే మత రాజ్యం వద్దనుకునేవాళ్ళు, అందరూ ఉన్నారు. అప్పటికి ఆ దేశంలో 44 ఏళ్ళుగా ఎమర్జెన్సీ నడుస్తోంది. మనం 21 నెలల ఎమర్జెన్సీ చూశాం. ఆ రోజుల గురించి ఇప్పటికీ పుస్తకాలు రాసుకుంటున్నాం, సభలు పెట్టుకుంటున్నాం. వాళ్ళకి 1963 మార్చి 8న, బాత్ పార్టీ సైనిక కుట్రతో గద్దెనెక్కిన రోజున మొదలైంది, 2011 ఏప్రిల్ దాకా ఎత్తివేయలేదు. అలాంటి చోట, నలుగురు చేరి మాట్లాడుకుంటేనే నిఘావాళ్ళకి కబురు వెళ్ళే చోట, 163 మంది ఒక ఇంట్లో కూర్చుని ఓట్లు వేసుకున్నారు. హమా నగరానికి చెందిన ఫిదా అల్ హౌరానీ అనే వైద్యురాలిని, డమాస్కస్ డిక్లరేషన్ అనే తమ ప్రతిపక్ష కూటమి జాతీయ మండలికి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

కొద్ది రోజులకే అరెస్టులు మొదలయ్యాయి. 2008 అక్టోబర్‌లో 12 మందికి రెండున్నరేళ్ళ చొప్పున జైలు శిక్ష పడింది. వాళ్ళలో ఫిదా అల్ హౌరానీ ఉన్నారు, ఇల్లు ఇచ్చిన రియాద్ సైఫ్ ఉన్నారు. మోపిన నేరాల్లో ఒకటి జాతీయ భావనను బలహీనపరచడం. ఓటు వేసుకుంటే జాతి బలహీనపడుతుందట.

ఈ రోజు మాట్లాడబోయేది వీళ్ళ గురించి. సిరియా అనగానే మన టీవీలు కూలిపోయిన మేడలు చూపిస్తాయి, నల్లజెండాలు చూపిస్తాయి, సూటు వేసుకున్న అధ్యక్షుడిని చూపిస్తాయి. మన పత్రికల లెక్కలో సిరియా 2011లో పుట్టింది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళ నుంచీ అక్కడ ఎన్నికలు, పార్టీలు, పత్రికా స్వేచ్ఛ, కోర్టుల స్వతంత్రత కావాలని అడిగి జైళ్ళకి పోయినవాళ్ళున్నారు. వాళ్ళది ఒకే పరంపర. 1980లో తెగినట్టు కనిపించి 2000లో మొలిచింది, 2001లో నరికితే 2005లో లేచింది, 2008లో జైల్లో పెడితే 2011లో వీధుల్లోకొచ్చింది. యుద్ధం వాళ్ళని పక్కకి నెట్టింది గానీ అంతం చేయలేకపోయింది. ఇదొక్కటి మీకు నమ్మకంగా చెప్పగలిగితే నా పని అయినట్టే.

ముందుగా మన వాళ్ళతో ఒక మాట. ఇక్కడ మన వామపక్ష మిత్రుల్లో చాలామంది ఏళ్ళ తరబడి, 2000 నుంచి 2024 దాకా సిరియాని ఏలిన బషర్ అల్ అసద్‌ని సామ్రాజ్యవాద వ్యతిరేకిగానే చూశారు. అమెరికా ఇరాక్‌ని ఏం చేసిందో కళ్ళారా చూశాక ఆయన్ని ఎదిరించేవాళ్ళు అమెరికా మనుషులేమోనన్న అనుమానం రావడం సహజమే. 2001లో అసద్ సమాచార మంత్రి అద్నాన్ ఒమ్రాన్ కూడా అదే అన్నాడు: పౌర సమాజమనేది అమెరికా వాళ్ళ మాట అని. కానీ ఆ ప్రభుత్వం అందరికంటే ఎక్కువ కాలం ఒంటరి గదిలో పెట్టిన మనుషుల్లో ఒకాయన ఎవరో తెలుసా? కమ్యూనిస్టు. రియాద్ అల్ తుర్క్.

ఆయన కథ కొంచెం వివరంగా చెప్పనివ్వండి. సిరియా కమ్యూనిస్టు పార్టీ 1972లో బషర్ తండ్రి, అప్పటి అధ్యక్షుడు హఫీజ్ అల్ అసద్ పెట్టిన జాతీయ ప్రగతిశీల ఫ్రంట్‌లో చేరింది. ఖాలిద్ బక్దాష్ నాయకత్వం చేరదామంది. తుర్క్, ఆయన సహచరులు ఒప్పుకోలేదు. పార్టీ చీలిపోయింది. ఇక 1980 వచ్చేసరికి దేశంలో పరిస్థితి ముదిరింది. ఒకపక్క ఇస్లామిక్ రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్‌లోని సాయుధ వర్గం హత్యలు చేస్తోంది, ఇంకోపక్క ప్రభుత్వం ఊళ్ళ మీద పడుతోంది. ఆ రెండింటి మధ్యా న్యాయవాదుల సంఘం, డాక్టర్ల సంఘం, ఇంజనీర్ల సంఘం నిలబడి ఎమర్జెన్సీ ఎత్తేయండి, ప్రత్యేక కోర్టులు రద్దు చేయండి, ఖైదీలను వదలండి అని అడిగాయి. సమ్మె చేశాయి. తుపాకీ ముట్టుకోని వృత్తి సంఘాలు. 1980 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ సంఘాలను రద్దు చేసి వాటి నాయకులను జైళ్ళలో వేసింది. 1982 ఫిబ్రవరిలో హమా నగరాన్ని ముట్టడించి వేలమందిని చంపింది. హమా గురించి ప్రపంచానికి ఎంతో కొంత తెలుసు. సమ్మె చేసిన ఆ లాయర్ల సంగతి ఎవరికీ తెలియదు.

తుర్క్‌ని ఆ 1980లోనే పట్టుకెళ్ళారు. 1998లో వదిలారు. దాదాపు 18 ఏళ్ళు, దాదాపు అంతా ఒంటరి ఖైదు, నేల కింద గదిలో. పుస్తకం లేదు, కాగితం లేదు, పెన్సిల్ లేదు. పెట్టే పప్పు చారులో ఉడకని గట్టి గింజలు వచ్చేవి. వాటిని ఏరి దాచుకునేవాడు. గుప్పెడయ్యాక వాటితో నేల మీద బొమ్మలు వేసేవాడు. వేసి, చెరిపి, మళ్ళీ వేసేవాడు. మనసు చెడకుండా అలా కాపాడుకున్నానని బయటికొచ్చాక ఆయనే చెప్పాడు. విడుదలయ్యే నాటికి వయసు అరవై ఎనిమిది. వచ్చి ఇంట్లో కూర్చున్నాడా అంటే, మూడేళ్ళకి మళ్ళీ జైలుకి వెళ్ళాడు, నియంతృత్వం మీద మాట్లాడినందుకు. ఆయన 2024 జనవరి 1న ఫ్రాన్స్‌లో పరాయి గడ్డ మీద కన్నుమూశాడు. ఇంకో పదకొండు నెలలు బతికి ఉంటే అసద్ పారిపోవడం చూసేవాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అసద్‌ని సామ్రాజ్యవాద వ్యతిరేకి అనే ముందు రియాద్ అల్ తుర్క్ జీవితం ఒకసారి చదవమని మన మిత్రులని కోరుతున్నాను.

సరే, 2000కి వద్దాం. ఆ ఏడాది జూన్ 10న హఫీజ్ పోయాడు. అధ్యక్షుడికి కనీసం 40 ఏళ్ళుండాలని రాజ్యాంగంలో ఉంది. కొడుకు బషర్‌కి 34. కాబట్టి రాజ్యాంగంలో 40ని 34గా మార్చారు. పార్లమెంటు ఆ పని అప్పటికప్పుడే పూర్తిచేసింది. అయినా కంటి డాక్టరు, లండన్‌లో చదువుకున్నవాడు, కొంచెం గాలి వీస్తుందేమోనని జనం ఆశపడ్డారు. సెప్టెంబర్ 27న 99 మంది రచయితలు, కళాకారులు, ప్రొఫెసర్లు సంతకాలు చేసి ఒక ప్రకటన ఇచ్చారు. కవి అడోనిస్, తాత్వికుడు సాదిక్ జలాల్ అల్ అజ్మ్, పాత్రికేయుడు మిషెల్ కీలో ఉన్నారు అందులో. అడిగినవి నాలుగు ముక్కలే: ఎమర్జెన్సీ ఎత్తేయండి, రాజకీయ ఖైదీలను వదలండి, ప్రవాసంలో ఉన్నవాళ్ళని రానివ్వండి, మాట్లాడుకోనివ్వండి, కలుసుకోనివ్వండి. నవంబర్‌లో దాదాపు 600 మంది ఖైదీలను వదిలారు, పేరుమోసిన మెజ్జే జైలు మూసేశారు. 2001 జనవరిలో వెయ్యిమంది పేరుతో ఇంకో ప్రకటన వచ్చింది, ఈసారి ఒకే పార్టీ పాలన పోవాలని సూటిగా అడుగుతూ.

ఆ నెలల్లోనే ఇళ్ళల్లో చర్చా వేదికలు పుట్టాయి. ఆఫీసులు అద్దెకి తీసుకోలేరు, హాళ్ళు ఎవరూ ఇవ్వరు. అందుకని ఎవరింట్లో హాలు పెద్దదైతే వాళ్ళింట్లో కూర్చునేవాళ్ళు. ఒక వక్త, ఒక గంట ప్రసంగం, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా వాదనలు. రియాద్ సైఫ్ ఇంట్లో ఒకటి, తండ్రి జమాల్ అల్ అతాసీ పేరు మీద సుహైర్ అల్ అతాసీ నడిపింది ఇంకొకటి, అలెప్పోలో మరొకటి. ఈ రియాద్ సైఫ్ ఎవరంటే బట్టల వ్యాపారి. అడిడాస్ కంపెనీకి సిరియాలో బట్టలు కుట్టించేవాడు. 1994లో స్వతంత్రంగా పార్లమెంటుకి గెలిచాడు. సభలో లేచి, సెల్‌ఫోన్ కాంట్రాక్టు అధ్యక్షుడి మేనమామ కొడుకు రామీ మఖ్లూఫ్ చేతికి ఎలా పోయింది, ఖజానాకి ఎంత నష్టమైంది అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఆయన ఐదేళ్ళ శిక్ష మూల్యంగా చెల్లించాడు.

ఈ వేదికలను ప్రభుత్వం ఒకేసారి మూయలేదు. ముందు ఒక నిబంధన పెట్టింది: సమావేశానికి ముందే అనుమతి తీసుకోవాలి, వక్త పేరు, ప్రసంగ పాఠం, ఎవరెవరు వస్తారో ఆ జాబితా, అన్నీ ఇవ్వాలి. ఎవరు వస్తారో ముందే జాబితా ఇస్తే ఎవరు వస్తారు? చాలా వేదికలు దానితోనే ఆగిపోయాయి. ఆగనివాళ్ళని 2001 ఆగస్టు, సెప్టెంబర్‌లలో పట్టుకెళ్ళారు. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఆరెఫ్ దలీలాకి పదేళ్ళు వేశారు, ఏడేళ్ళు ఉంచారు. డమాస్కస్ వసంతమని పత్రికలు పేరు పెట్టిన ఆ కాలం ఏడాది కూడా నిలవలేదు.

ఇక 2005 అక్టోబర్ 16న వచ్చింది డమాస్కస్ డిక్లరేషన్. నాకు ఈ మొత్తం చరిత్రలో చాలా ముఖ్యంగా కనిపించేది ఈ కాగితమే. అప్పుడు అసద్ ప్రభుత్వం ఇరుకున పడింది. ఫిబ్రవరిలో లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్య, ఏప్రిల్‌లో లెబనాన్ నుంచి సిరియా సైన్యం వెనక్కి రావడం, ఐక్యరాజ్య సమితి విచారణ. మరో దేశంలో అయితే ప్రతిపక్షం ఈ అదను చూసి విదేశీ సైన్యాన్ని పిలిచేది. ఇరాక్‌లో కొందరు ప్రవాసులు అదే చేశారు కదా. సిరియా వాళ్ళు అలా చేయలేదు. మార్పు శాంతియుతంగా, అంచెలంచెలుగా, సంభాషణ మీద, ఎదుటివాడిని గుర్తించడం మీద ఆధారపడి రావాలని రాసుకున్నారు. ఆ నాలుగు మాటలు రాయడానికి వాళ్ళకి ఎంత ఓపిక పట్టి ఉంటుందో చూడండి. అందులో అరబ్ జాతీయవాదులు కుర్దులతో కలిసి సంతకం చేశారు. 1962లో హసాకా ప్రాంతంలో ఒక్క జనాభా లెక్కతో లక్షా ఇరవై వేల మంది దాకా కుర్దుల పౌరసత్వం రద్దు చేసిన దేశమది. ఆ తర్వాత వాళ్ళ పిల్లలకీ పౌరసత్వం రాలేదు. అలాంటి చోట అరబ్బులు, కుర్దులు ఒకే కాగితం మీద కుర్దు సమస్యకి ప్రజాస్వామిక పరిష్కారం కావాలని రాశారు. రియాద్ సైఫ్ జైల్లోంచే మద్దతు పంపాడు. ముస్లిం బ్రదర్‌హుడ్ బయటి నుంచి చేరింది, ఏడాది తిరక్కుండానే మాజీ ఉపాధ్యక్షుడు ఖద్దామ్‌తో కలిసిపోయింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇస్లాంని ఆ సమాజానికి ప్రధాన సాంస్కృతిక అంశమని పేర్కొన్న వాక్యం క్రైస్తవులను, అలవైట్లనే మైనారిటీ మత శాఖవాళ్ళను, లౌకికవాదులను ఇబ్బంది పెట్టింది. నా లెక్కలో అది రాయకుండా ఉండాల్సింది. ఇందాక చెప్పిన 2007 ఎన్నికలోనూ చిక్కొచ్చింది. ఓడిపోయిన జాతీయవాద వామపక్షులు, హసన్ అబ్దుల్ అజీమ్ పార్టీ వాళ్ళు, తమ సభ్యత్వాన్ని స్తంభింపజేసి దూరం జరిగారు. గెలిచినవాళ్ళు అమెరికా వైపు మొగ్గుతున్నారని వాళ్ళ ఆరోపణ. ఓటమిని ఒప్పుకోవడం అలవాటు కావాలంటే ముందు నాలుగు ఎన్నికలు జరగాలి. వాళ్ళకి జరిగిందే అదొక్కటి, దాని తర్వాత నాయకులను తీసుకెళ్ళి జైల్లో పెట్టారు. 2011లో ప్రతిపక్షం ఇస్తాంబుల్‌లో ఒకటి, దేశం లోపల ఒకటి అని చీలడానికి బీజం ఇక్కడే పడిందని నేననుకుంటాను.

2011 సంగతి మీకు తెలుసు. దరా పట్టణంలో బడిపిల్లలు గోడ మీద రాతలు రాశారు, పట్టుకెళ్ళి హింసించారు, మార్చి 18న ఊరు కదిలింది. దానికి రెండు రోజుల ముందు, మార్చి 16న, డమాస్కస్‌లో హోం శాఖ ముందు ఖైదీల కుటుంబాలు ఫోటోలు పట్టుకుని నిలబడ్డాయి. ఆ గుంపులో సుహైర్ అల్ అతాసీ ఉంది. పదేళ్ళ క్రితం ఇంట్లో చర్చా వేదిక నడిపిన ఆమే. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళారు. తయ్యిబ్ తిజీనీ అనే డెబ్భై ఏళ్ళు దాటిన తత్వశాస్త్ర ఆచార్యుడినీ లాగి పడేశారు. పాతవాళ్ళు, కొత్తవాళ్ళు కలిసింది అక్కడ.

డమాస్కస్ పక్కనే ద్రాక్ష తోటలకి పేరున్న దరయ్యా అనే ఊరుంది. ఆ ఊరి యువకులు కొందరు 2003లోనే వీధులు ఊడ్చారు, లంచం ఇవ్వం, తీసుకోం అని ప్రచారం చేశారు, ఇరాక్ మీద దాడికి నిరసనగా మౌన ప్రదర్శన తీశారు. వీధులు ఊడ్చినందుకు కూడా జైల్లో వేశారు. ఎందుకంటే చెప్పకుండా ఊడ్చారు. అహింస గురించి జీవితమంతా రాసిన జౌదత్ సయీద్ బోధనలు వాళ్ళకి స్ఫూర్తి. 2011లో ఆ ఊళ్ళోనే గియాస్ మతర్ అనే కుర్రాడు, బట్టలు కుట్టేవాడు, తమ మీద కాల్పులకి పంపిన సైనికులకి నీళ్ళ సీసాలు, గులాబీలు ఇచ్చేవాడు. సీసాకి ఒక చీటీ కట్టి, మనం అన్నదమ్ములం, చంపకండి అని రాసేవాళ్ళు. ఎండలో నిలబడిన సైనికుడికి నీళ్ళు కావాలి కదా అనేది ఆ పిల్లల ఆలోచన. సెప్టెంబర్ 6న పట్టుకెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత శవాన్ని ఇంటికి పంపారు, ఒంటి నిండా హింస ఆనవాళ్ళతో. ఆ రోజే పట్టుబడిన అతని మిత్రుడు యాహ్యా షుర్బజీ ఏమయ్యాడో ఏడేళ్ళ దాకా తెలియలేదు. 2018లో ప్రభుత్వం జనన మరణాల రిజిస్టర్లలో చడీచప్పుడు లేకుండా వేలమంది పేర్లు ఎక్కించింది. అందులో చూసుకుంటే యాహ్యా 2013లోనే చనిపోయినట్టుంది. శవం లేదు, సమాధి లేదు.

మీరడగొచ్చు, నీళ్ళ సీసాలిస్తే ఏమైంది, చచ్చిపోయారు కదా అని. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నేను చెప్పేది ఒక్కటే. ప్రభుత్వం ముందుగా వెతికి వెతికి చంపింది సీసాలిచ్చినవాళ్ళనే. 2011లో జైళ్ళలోంచి క్షమాభిక్ష పేరుతో మత ఛాందస సాయుధులను వదిలింది, వాళ్ళలో కొందరు ఆ తర్వాత పెద్ద దళాలకి నాయకులయ్యారు. వదిలింది వాళ్ళని, చంపింది వీళ్ళని. తనకి ఎవరితో పోరాటం సులువో ఆ ప్రభుత్వానికి బాగా తెలుసు.

ఊరూరా స్థానిక సమన్వయ కమిటీలు ఏర్పడ్డాయి. ఈ శుక్రవారం ప్రదర్శన ఎక్కడ, నినాదం ఏమిటి, గాయపడితే ఏ డాక్టరు దగ్గరికి, వీడియో ఎవరు తీయాలి, ఇలాంటి పనులు. ఈ కమిటీల వెనక రజాన్ జైతూనే అనే లాయరు ఉంది. ఆమె 2001 నుంచి రాజకీయ ఖైదీల కేసులు వాదించింది. 2011లో రజాన్, ఆమె మిత్రులు హక్కుల ఉల్లంఘనలను నమోదు చేసే కేంద్రాన్ని మొదలుపెట్టారు. చనిపోయిన ప్రతి మనిషి పేరు, ఊరు, తేదీ, ఎలా చనిపోయాడు, పౌరుడా సైనికుడా. ప్రభుత్వ సైనికుడు చనిపోయినా నమోదు చేసేవాళ్ళు. తిరుగుబాటుదారులు చంపినా నమోదు చేసేవాళ్ళు. మనం నిజనిర్ధారణకి వెళ్ళినప్పుడు ఇరుపక్షాలనూ అడగాలని నేర్చుకున్నాం, అదెంత కష్టమో మనకి తెలుసు. పోలీసులకీ కోపం, దళాలకీ కోపం. రజాన్‌కీ అదే జరిగింది. దానికి మళ్ళీ వస్తాను.

ఒమర్ అజీజ్ గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. అరవై దాటిన ఆర్థికవేత్త. విప్లవం మొదలయ్యాక గల్ఫ్‌లో ఉద్యోగం వదిలి డమాస్కస్‌కి తిరిగొచ్చాడు. చుట్టూ ఊళ్ళు తిరిగి చూశాడు. ఆయన గమనించింది ఏమిటంటే జనం శుక్రవారం తిరుగుబాటు చేస్తున్నారు, శనివారం మళ్ళీ అదే ప్రభుత్వ కార్యాలయం ముందు రేషన్‌కి నిలబడుతున్నారు. ఇలా రెండు బతుకులు బతికితే ఉద్యమం నిలవదని, ఏ ఊరికి ఆ ఊరు స్థానిక మండలి పెట్టుకోవాలని రాశాడు. నిర్వాసితులకి ఇళ్ళు వెతకడం, ఖైదీల కుటుంబాలకి సాయం, భూమి ఎవరూ కాజేయకుండా చూడడం, ఇవన్నీ మండలి పనులు. రాసి ఊరుకోలేదు, దగ్గరుండి బర్జెహ్, దరయ్యా లాంటి చోట్ల పెట్టించాడు. 2012 నవంబర్‌లో పట్టుకెళ్ళారు. 2013 ఫిబ్రవరిలో అద్రా జైల్లో పోయాడు. ఆయన రాసిన పద్ధతిలోనే ఆ తర్వాతి ఏళ్ళలో వందల మండలులు వెలిశాయి. బాంబులు పడుతుంటే నీళ్ళ పైపులు బాగుచేయించారు, నేల కింది గదుల్లో బళ్ళు నడిపారు, కొన్ని చోట్ల ఎన్నికలు పెట్టారు. 2017 జులైలో ఇద్లిబ్ ప్రాంతంలోని సరాకిబ్ పట్టణం తన మండలికి నేరుగా ఓట్లు వేసుకుంది. పెట్టెలు, అభ్యర్థులు, అన్నీ ఉన్నాయి. ఒకటి రెండు రోజులకే హయత్ తహ్రీర్ అల్ షామ్ అనే ఇస్లామిక్ దళం సాయుధులు పట్టణం మీదికొచ్చారు. జనం చేతుల్లో ఏమీ లేకుండా ఎదురెళ్ళారు.

ఆ ప్రాంతంలోనే కఫ్రన్‌బెల్ అనే చిన్న ఊరు. రాయెద్ ఫారెస్, అతని మిత్రులు వారం వారం ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ బ్యానర్లు రాసి ప్రపంచానికి చూపించేవాళ్ళు. బోస్టన్‌లో బాంబులు పేలినప్పుడు, ఇక్కడ రోజూ జరిగేది ఇదే, మీ దుఃఖానికి మా సంతాపం అని రాశారు. రాయెద్ ఒక రేడియో పెట్టాడు. సంగీతం నిషిద్ధమని సాయుధులు హుకుం జారీ చేస్తే పాటల బదులు మేకల అరుపులు, పక్షుల కూతలు వేశాడు. 2018 నవంబర్ 23న అతన్నీ, అతని మిత్రుడు హమూద్ జునైద్‌నీ ముసుగులోళ్ళు కాల్చి చంపారు.

మరి చనిపోయినవాళ్ళేనా, ఏమీ సాధించలేదా? అన్వర్ అల్ బున్నీ అనే లాయరున్నాడు. పాత తరం మనిషి, 2006లో మిషెల్ కీలోతో కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేసి ఐదేళ్ళు జైల్లో ఉన్నాడు. 2014లో జర్మనీ చేరుకున్నాడు. బెర్లిన్‌లో శరణార్థుల శిబిరంలో ఒక ముఖం కనిపించింది. ఎక్కడో చూశాననుకున్నాడు. కొన్నాళ్ళకి గుర్తొచ్చింది. తనని 2006లో పట్టుకెళ్ళిన అధికారి అన్వర్ రస్లాన్. వాడూ శరణార్థిగానే వచ్చి అదే శిబిరంలో ఉన్నాడు. బున్నీ అతని మీద చెయ్యి చేసుకోలేదు. సాక్షులను వెతికాడు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని ఆ చెరసాల ఎక్కడుంది, ఏ గదిలో ఏం జరిగిందని వాంగ్మూలాలు తీయించాడు. కోబ్లెంజ్ కోర్టులో విచారణ జరిగింది. 2022 జనవరి 13న రస్లాన్‌కి యావజ్జీవం పడింది. సిరియా ప్రభుత్వ హింస మీద ఒక అధికారికి మానవజాతిపై నేరం కింద పడిన మొట్టమొదటి పెద్ద శిక్ష అది. ఎమర్జెన్సీ ఎత్తేయండని 1980లో సమ్మె చేసిన న్యాయవాదులు అడిగింది సరిగ్గా ఇదే: నేరముంటే కోర్టులో పెట్టండి, సాక్ష్యం చూపండి, ముద్దాయికీ లాయర్ని ఇవ్వండి.

2024 డిసెంబర్ 8న అసద్ మాస్కోకి పారిపోయాడు. సైద్నాయా జైలు తలుపులు తెరిచారు. తల్లులు ఫోటోలు పట్టుకుని జైలు గదుల వెంట పరుగెత్తారు. కొందరు దొరికారు, ఎక్కువమంది దొరకలేదు. గల్లంతైనవాళ్ళు లక్ష పైనే అని అంచనా. డమాస్కస్ మర్జే కూడలిలో గోడలన్నీ ఫోటోలే.

అయితే అసద్‌ని దించింది ఇందాక చెప్పిన ప్రజాస్వామ్యవాదులు కాదు. దించింది సరాకిబ్ మీదికొచ్చిన ఆ హయత్ తహ్రీర్ అల్ షామే. దాని నాయకుడు అహ్మద్ అల్ షరా ఇప్పుడు దేశాధ్యక్షుడు. దీన్ని దాచిపెట్టి మాట్లాడడం మనకి మంచిది కాదు. 2025 మార్చిలో ఐదేళ్ళ మధ్యంతర కాలానికి రాజ్యాంగ ప్రకటన చేశారు. అధికారమంతా అధ్యక్షుడి దగ్గరే పోగుపడింది. ఆ నెలలోనే తీర ప్రాంతంలో అలవైట్ల ఊచకోత జరిగింది, జులైలో సువైదాలో ద్రూజులనే మరో మైనారిటీ మత శాఖవాళ్ళ మీద. అక్టోబర్ 5న ప్రజాసభ ఎన్నికలన్నారు. 210 సీట్లలో 140 స్థానిక ఎంపిక మండలుల ద్వారా, 70 అధ్యక్షుడు స్వయంగా నియమించేవి. జనానికి ఓటు లేదు. మొదటి విడతలో ఎన్నికైన 119 మందిలో ఆడవాళ్ళు ఆరుగురు. ఆ రోజు సువైదాలో, రక్కాలో, హసాకాలో జరపలేదు.

అయినా ఒక తేడా వచ్చింది. దీన్ని తక్కువ చేయలేను. 1963 తర్వాత మొదటిసారి డమాస్కస్‌లో మనుషులు హోటళ్ళలో, కాఫీ దుకాణాల్లో, కూడళ్ళలో కూర్చుని ఈ రాజ్యాంగ ప్రకటనని విమర్శిస్తున్నారు. ప్రవాసంలో ఉన్నవాళ్ళు తిరిగొచ్చి సభలు పెడుతున్నారు. అసద్ పడిన పన్నెండో రోజుకే, డిసెంబర్ 19న, ఉమయ్యద్ కూడలిలో జనం చేరి లౌకిక రాజ్యం కావాలని, ఆడవాళ్ళకి భాగం కావాలని నినదించారు. ఎన్నాళ్ళు ఇలా ఉండనిస్తారో అది వేరే సంగతి. ఈ సందుని వాడుకోవడానికి అక్కడ అనుభవమున్న మనుషులున్నారు.

ఇప్పుడు రజాన్ దగ్గరికి వస్తాను. 2013లో ఆమె ప్రభుత్వ నిఘా తప్పించుకుని డమాస్కస్ శివారులోని దౌమాకి మారింది, తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఊరు. ఆగస్టు 21న విషవాయువు ప్రయోగం జరిగినప్పుడు ఆసుపత్రుల్లో తిరిగి శవాల వివరాలు నమోదు చేసింది. అక్కడి సాయుధుల చెరసాలల గురించీ రాసింది. డిసెంబర్ 9 రాత్రి వాళ్ళ కార్యాలయంలోకి సాయుధులు వచ్చారు. రజాన్, ఆమె భర్త వాయెల్ హమాదా, సమీరా అల్ ఖలీల్, నాజెమ్ హమ్మాదీ, నలుగురినీ తీసుకెళ్ళారు. సమీరా హఫీజ్ కాలంలో నాలుగేళ్ళు జైల్లో ఉన్న కమ్యూనిస్టు. ఆమె భర్త, 16 ఏళ్ళు ఖైదు అనుభవించిన రచయిత యాసీన్ అల్ హాజ్ సాలెహ్, అప్పటి నుంచీ ఆమె కోసం రాస్తూనే ఉన్నాడు. అనుమానాలన్నీ ఆ ఊరిని ఏలుతున్న జైష్ అల్ ఇస్లాం మీదికే పోయాయి. వాళ్ళు ఒప్పుకోలేదు. అసద్ పోయాక ఊళ్ళన్నీ తెరుచుకున్నా ఆ నలుగురి ఆచూకీ బయటపడలేదు.

2025 మే 17న కొత్త ప్రభుత్వం రెండు కమిషన్లు వేసింది. ఒకటి గల్లంతైనవాళ్ళ కోసం, ఇంకోటి సంధికాల న్యాయం కోసం, అంటే పాలన మారాక అంతకుముందటి నేరాలకి లెక్క తేల్చడం కోసం. ఇది మంచి పనే. కానీ న్యాయ కమిషన్ డిక్రీలో ఒక వాక్యం ఉంది: పాత ప్రభుత్వం వల్ల జరిగిన ఉల్లంఘనలను విచారించాలని. అసద్ చేసిన నేరాలు మాత్రమే అన్నమాట. రజాన్‌ని ఎత్తుకెళ్ళింది అసద్ మనుషులు కాదు. ఆ వాక్యం ప్రకారం చూస్తే ఆమె కేసు ఆ కమిషన్ ముందుకి రాదు. రాయెద్ ఫారెస్ కేసూ రాదు. మార్చిలో తీరంలో చనిపోయినవాళ్ళ కేసులూ రావు. రెండు వైపుల శవాలనూ నమోదు చేసిన మనిషికి ఒక వైపు న్యాయమే మిగిల్చారు.

సిరియా హక్కుల సంఘాలు, బాధిత కుటుంబాలు ఆ వాక్యం మార్చమని అడుగుతున్నాయి. ఏ దళం చేసినా, ఏ జెండా కింద చేసినా విచారించాలని. మన సంఘాల తరఫున సిరియా మీద ఒక ప్రకటన ఇద్దామని అనుకుంటున్నారని విన్నాను. ఇస్తే అందులో శాంతి, సుహృద్భావం లాంటి మాటలు నాలుగు రాసి వదిలేయకండి. ఆ వాక్యం మార్చమని రాయండి, ఆ నలుగురి పేర్లూ రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.